23 ఏళ్లకు దిగుమతి టర్బో కారు కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 23. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. చిన్నప్పటి నుంచి టర్బో కార్లంటే ప్రాణం. జపాన్ నుంచి దిగుమతైన 2003 మోడల్ సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఓనరు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) పెంచి, సైలెన్సర్ మార్చి, 350 హార్స్‌పవర్‌కు తెచ్చానంటున్నారు. కారు ధరలో సగం నా దగ్గరుంది. మిగతా సగానికి నాలుగేళ్ల అప్పు తీసుకుంటే నెల జీతంలో మూడో వంతు వాయిదాకు పోతుంది. ఇప్పుడున్న చిన్న కారు అమ్మేసి, దీన్నే రోజూ ఆఫీసుకు వాడుకుందామని ఆలోచన. నాన్న వద్దంటున్నారు. స్నేహితులేమో ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఈ కారు కొనొద్దు. ఈ లెక్కతో అయితే ఏ టర్బో కారూ కొనొద్దు. కానీ ఆ కోరికను మాత్రం వదులుకోవద్దు. మీ వయసులో ఇలాంటి కారు పెట్టుకుని, ఏళ్ల తరబడి హాయిగా నడుపుకుంటున్నవాళ్లు ఉన్నారు. వాళ్లందరూ డబ్బున్న ఇళ్ల పిల్లలేమీ కాదు. వాళ్లు కారు ధరను బట్టి కాకుండా, ఆ కారు ఒక నెలలో తమ చేత ఎంత ఖర్చు పెట్టించగలదో చూసుకుని దిగారు. మీ ఉత్తరంలో ధర ఉంది, వాయిదా ఉంది. ఇంజిన్ దింపాల్సి వస్తే ఎక్కడి నుంచి తెస్తారన్నది మాత్రం లేదు.

ముందు ఆ 350 సంగతి చూద్దాం. ఆ కారు జపాన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కాగితం మీద దాని శక్తి 280 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత). 1989 నుంచి 2004 దాకా జపాన్ కంపెనీలు తమ దేశంలో అమ్మే కార్లకు 280 దాటించకూడదని తమలో తాము ఒక మాట మీద ఉన్నాయి. అందుకే స్కైలైన్ జీటీ-ఆర్, సుప్రా, లాన్సర్ ఎవల్యూషన్, ఆఖర్లో ఆర్‌ఎక్స్-7, అన్నిటి బ్రోచర్లలోనూ అదే అంకె ఉంటుంది. వీటిలో కొన్నిటి అసలు శక్తి అంతకంటే ఎక్కువే. దాంతో ఈ ఇంజిన్లలో ఇంకా బోలెడంత దాగి ఉందని, బూస్ట్ కాస్త పెంచితే అదంతా ఊరికే బయటికొస్తుందని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఊరికే ఏదీ రాదు.

టర్బో చేసే పని ఇది. ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని లాక్కుని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలు ఎక్కువ పోయొచ్చు, దాంతో శక్తి పెరుగుతుంది. 1 బార్ బూస్ట్ అంటే మామూలు గాలి ఒత్తిడికి ఇంకో అంత తోడైనట్టు. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పక్కనే పొగ 900 డిగ్రీల దాకా కాలుతుంటుంది. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఉండేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ పాతబడినా, మట్టం తగ్గినా మొదట దెబ్బ తగిలేది అక్కడే.

బూస్ట్ పెంచడం నిజానికి తేలిక పని. ఒక కంట్రోలరు బిగిస్తే అయిపోతుంది. కష్టమంతా ఆ తర్వాత ఉంటుంది. పెరిగిన గాలికి సరిపడా పెట్రోలు అందాలి. అంటే ఇంజెక్టర్లు, పంపు అంత మోయగలగాలి. గాలిని నొక్కేకొద్దీ వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చగలగాలి. ఇగ్నిషన్ టైమింగ్‌ను కొత్త ఒత్తిడికి తగ్గట్టు మళ్లీ రాయాలి. వీటిలో ఏది కుదరకపోయినా సిలిండర్‌లో మిశ్రమం మంట చేరకముందే తనంతట తాను పేలిపోతుంది. దాన్నే నాకింగ్ అంటాం. పెద్ద బూస్ట్ దగ్గర అది మొదలైతే మీ చెవికి వినపడే లోపే పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు విరగొచ్చు. పైగా జపాన్‌లో 100 ఆక్టేన్ దాకా పెట్రోలు దొరుకుతుంది. ఆక్టేన్ అంటే పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. ఆ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారైన ఇంజిన్‌లో తక్కువ ఆక్టేన్ పోసి, పైనుంచి బూస్ట్ కూడా పెంచారంటే ఆ ఇంజిన్ ఇన్నాళ్లూ ఏ స్థితిలో తిరిగిందో ఊహించుకోండి.

అందుకని ఓనరును ఒక్క మాట అడగండి. ట్యూనింగ్ చేసినప్పుడు డైనో మీద, అంటే కారు శక్తిని కొలిచే యంత్రం మీద, తీసిన చార్ట్ ఉందా, అందులో గాలి-పెట్రోలు నిష్పత్తి గీత ఉందా అని. ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు మార్చిన బిల్లులు కూడా చూపించమనండి. అవి లేకపోతే 350 అన్నది నోటిమాట. ఆ నోటిమాటకు మీరు అదనంగా డబ్బు కట్టబోతున్నారు. నా ఉద్దేశంలో, మొదటిసారి టర్బో కారు కొనే కుర్రాడికి కంపెనీ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచిన బండికి మించింది లేదు. వెతకడానికి నెలలు పట్టినా, ధర కొంచెం ఎక్కువైనా అదే మేలు.

ఇక డబ్బు. కారు ధర 100 అనుకుందాం. మీ దగ్గర 50 ఉంది, 50 అప్పు. వాయిదా మొదలైన రోజు నుంచి మీ చేతిలో సున్నా. 20 ఏళ్లు దాటిన కారు కొన్న మొదటి మూడు నెలల్లో చేయించాల్సిన పనులు వరసగా ఉంటాయి. ఈ ఇంజిన్‌కు ఉన్నది టైమింగ్ బెల్ట్. దాదాపు లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలి. తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. గత ఓనరు మార్చిన బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకుని బెల్టు, దానితో పాటు టెన్షనర్, పుల్లీలు, వాటర్ పంపు అన్నీ వేయించాల్సిందే. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, గట్టిపడిపోయిన రబ్బరు పైపులు ఎలాగూ ఉన్నాయి. స్పార్క్ ప్లగ్గులు మార్చడం మామూలు కారులో చిటికెలో పని. ఇందులో సిలిండర్లు పక్కకు పడుకుని ఉంటాయి, చెయ్యి దూరదు, కూలీ కూడా దానికి తగ్గట్టే పడుతుంది.

టైర్ల సంగతి చాలామంది ఊహించరు. ఇది నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కారు. నాలుగు టైర్లూ ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఒకటి కొత్తది, మూడు అరిగినవి అయితే వాటి చుట్టుకొలతలో తేడా వచ్చి, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్ ఊరికే శ్రమపడి పాడవుతుంది. కాబట్టి సగం అరిగాక ఒక టైరు పక్క చీలిందంటే చాలాసార్లు నాలుగూ కొనాల్సి వస్తుంది. అవి ఆఫీసు కారుకు వేసే టైర్లు కావు.

నేను చెప్పే లెక్క ఒకటే. మీ దగ్గర పోగైన మొత్తంలో 60 శాతం కారుకు, 15 శాతం ఆ మొదటి మూడు నెలల పనులకు, 25 శాతం ఇంజిన్‌కో గేర్‌బాక్సుకో ఏమైనా అయితే తీయడానికి. ఆ ఆఖరి 25 మీద చెయ్యి వేయకూడదు. రిమ్ములకూ వద్దు, ఎగ్జాస్ట్‌కూ వద్దు. అది ఖర్చు కాకపోతే సంతోషం. ఖర్చయితే కారును కవరు కప్పి మూల పడేయాల్సిన అవసరం రాదు. నేను చూసినంతలో కుర్రవాళ్ల చేతుల్లోంచి ఈ కార్లు పోయే తీరు ఎప్పుడూ ఒకటే: ఏదో ఒకటి విరుగుతుంది, బాగుచేయించే డబ్బుండదు, విరిగిన బండిని వచ్చిన ధరకు వదిలించుకుంటారు, వాయిదాలు మాత్రం మిగులుతాయి. బండి పోయాక కూడా దాని అప్పు కడుతున్నవాడి బాధ మీరు పడకూడదని ఇంతగా చెబుతున్నాను.

ఇన్సూరెన్స్ గురించి అడ్వాన్స్ ఇవ్వకముందే కనుక్కోండి. 25 ఏళ్లలోపు వయసు, టర్బో, దిగుమతి, ఈ మూడూ కలిస్తే ప్రీమియం వాయిదాతో పోటీ పడొచ్చు. కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు. జపాన్ దేశవాళీ కార్లకు 17 అక్షరాల వీఐఎన్ (ప్రతి కారుకూ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) ఉండదు, జీడీబీ అని మొదలయ్యే ఛాసిస్ నంబరు ఉంటుంది. కొన్నిచోట్ల కంప్యూటర్ ఆ నంబరునే తీసుకోదు. చేసిన మార్పులన్నీ చెప్పి మరీ పాలసీ తీసుకోవాలి. బూస్ట్ పెంచిన సంగతి దాచి చౌకగా తీసుకున్న పాలసీ ప్రమాదం జరిగిన రోజున చేతికి అందకపోవచ్చు.

ఆఫీసుకు దీన్నే వాడాలన్న ఆలోచన మానుకోండి. ఇప్పుడున్న చిన్న కారును అమ్మొద్దు. రెండు కార్లు అంటే విలాసంలా అనిపిస్తుంది గానీ, టర్బో కారును కాపాడేది ఆ చిన్న కారే. ఉన్నది ఒక్కటే బండి అయితే పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో బయల్దేరి, ట్రాఫిక్‌లో ఈడ్చి, ఆఫీసు దగ్గర వేడి మీదే ఆపేస్తారు. టర్బోకు ఇవన్నీ చేటే. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని మాత్రమే అర్థం, ఆయిల్ వేడెక్కడానికి ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా బూస్ట్ జోలికి పోకూడదు. గట్టిగా తోలాక ఆఖరి రెండు కిలోమీటర్లు మెల్లగా వచ్చి, ఒక నిమిషం ఇంజిన్ ఆడనిచ్చి ఆపితే టర్బోలో చిక్కుకున్న ఆయిల్ మాడి గట్టిపడదు. రోజువారీ తొందరలో ఇవి ఎవరూ పాటించలేరు. పైగా పార్టు రావడానికి మూడు వారాలు పడుతుందంటే, వేరే బండి ఉన్నవాడు ఆగుతాడు. లేనివాడు దొరికిన పార్టు వేయించుకుని ఎక్కేస్తాడు.

పార్టుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. నిస్సాన్ 2017లో ఆర్32 తరం స్కైలైన్ జీటీ-ఆర్ కోసం పాత పార్టులు మళ్లీ అమ్మడం మొదలుపెట్టింది. టయోటా పాత సుప్రాలకూ, మాజ్డా ఆర్‌ఎక్స్-7కూ అలాంటి పనే చేశాయి. పేరు మోసిన కార్లకు కంపెనీల అండ కొంత ఉంది. అయినా జపాన్ దేశవాళీ మోడల్‌కు మాత్రమే వేసిన చిన్నచిన్న భాగాలు, సెన్సర్లు, లోపలి ప్లాస్టిక్కులు, వైరింగ్ ముక్కలు, దొరకడమే కష్టం. కొనేముందు ఆ మోడల్‌ను నిజంగా విప్పి బిగించిన మెకానిక్ మీకు అందుబాటులో ఉన్నాడో లేడో చూసుకోండి. లేకపోతే కారు ఎంత బాగున్నా ఆగిపోండి.

రేపు ఏ కారు చూసినా ఎలా చూడాలో చెబుతాను, ఎందుకంటే డబ్బు మిగిలేదీ పోయేదీ ఆ గంటలోనే. చూడటానికి వస్తున్నామని, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టారన్నమాట, ఇంకో రోజు రండి. చల్లగా ఉంటే ముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి. ఈ ఇంజిన్లకు ఆయిల్ మట్టం పడిపోతే బేరింగులు పోతాయి, మట్టం తక్కువుంటే ఓనరు అలవాటు అక్కడే తెలిసిపోతుంది. తర్వాత స్టార్ట్ చేయించి వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. పొగ స్టార్టింగ్‌లోనే రావచ్చు, లేదా కొండ దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు రావచ్చు, రెండూ చూడాలి. కింద నుంచి లోతైన టకటక వినిపించి, ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతుంటే బేరింగు మీద అనుమానం పెట్టుకోండి.

ఇంజిన్ ఆపి చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే పైపు విప్పించండి. లోపల టర్బో చక్రం కొస కనపడుతుంది. వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. పక్కలకు చాలా కొంచెం ఆడొచ్చు, గోడకు మాత్రం తగలకూడదు. ముందుకీ వెనక్కీ కదిలితే ఆ టర్బో పని అయిపోయినట్టే. రెక్కల అంచులు చిట్లి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఫిల్టర్ లేకుండానో, చవకరకం ఫిల్టర్‌తోనో తిప్పిన బండి అక్కడ దొరికిపోతుంది. ఇంటర్‌కూలర్ పైపుల్లో కాస్త ఆయిల్ తడి మామూలే, మడుగు కట్టి ఉంటే కాదు.

ఆఖరిది కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కగలదో గేజితో కొలవడం. ఇది లేకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. నాలుగు సిలిండర్ల అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటి కంటే 15 శాతం కిందికి పడితే ఆ కారు మీకు కాదు. ఈ పరీక్ష వద్దన్న ఓనరుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆర్‌ఎక్స్-7 లాంటి రోటరీ (పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లతో నడిచే ఇంజిన్) మీద మనసు పడితే మామూలు గేజి చాలదు. ఒక్కో రోటరుకు మూడు ముఖాలు, మూడింటి అంకెలూ విడిగా చూపే పరికరం కావాలి. మీ మొదటి టర్బో కారుగా రోటరీ మాత్రం వద్దే వద్దు. అది ఎంత అందమైన యంత్రమైనా సరే.

కాగితాల్లో జపాన్ వేలం షీటు, అంటే అక్కడ వేలంలో కారును పరీక్షించి స్థితి రాసిచ్చే కాగితం, అడగండి. గ్రేడు దగ్గర ఆర్ లేదా ఆర్‌ఏ అని ఉంటే ప్రమాదం జరిగి బాగుచేసిన కారు. పక్కన కారు బొమ్మ గీసి ఉంటుంది. దాని మీద ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే సరిచేసి రంగు వేసిన చోటు, రెండు ఎక్స్‌లు అంటే మార్చేసిన రేకు. షీటులో ఉన్న కిలోమీటర్లు, ఎగుమతి సర్టిఫికెట్‌లో ఉన్నవి, మీటరులో ఉన్నవి ఒక వరసలో పెరుగుతూ రావాలి. టైరు పక్కన అచ్చుకొట్టిన ఆఖరి నాలుగు అంకెలు కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. కారు పెద్దగా తిరగలేదంటూ రెండేళ్ల కిందటి టైర్లు అప్పుడే నున్నగా అరిగి ఉంటే కారణం అడగాలి.

ఈ కార్ల ధరలు తగ్గవు, ఇప్పుడు కొనకపోతే ఇంక దొరకవు అని కూడా మీ స్నేహితులు అంటుండొచ్చు. అందులో కొంత నిజముంది. అమెరికాలో 25 ఏళ్లు, కెనడాలో 15 ఏళ్లు దాటిన కార్లను దిగుమతి చేసుకోనిస్తారు. 1989లో వచ్చిన ఆర్32 జీటీ-ఆర్‌కు 2014లో అమెరికా తలుపు తెరుచుకున్నాక ఆ కారుకు గిరాకీ ఎక్కడికో వెళ్లింది. కానీ విలువ పెరిగేది మార్పులు చేయని, చరిత్ర ఉన్న కార్లకు. మీ ముందున్నది బూస్ట్ పెంచిన కారు. పెట్టుబడి అని మనసుకు సర్దిచెప్పుకోవద్దు.

నడపడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. గంటకు 80 నుంచి 120కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, ఆ వేగం వల్ల కారు మోసే గతిశక్తి మాత్రం 2.25 రెట్లు. బ్రేకు ఆపాల్సింది దాన్ని. పాత టర్బోల్లో తొక్కిన క్షణంలో ఏమీ జరగదు, ఒక్కసారిగా బూస్ట్ వస్తుంది. అది మలుపు మధ్యలో, తడి రోడ్డు మీద వస్తే దిద్దుకునే సమయం ఉండదు. కాబట్టి కారు కొన్న మొదటి నెలలోనే డబ్బు కట్టి, నేర్పేవాళ్లతో మూసిన ట్రాక్ మీద ఒక రోజు గడపండి. స్నేహితులను ఎక్కించుకుని చూపించే పని ఆ తర్వాతే. మీకేమన్నా అయితే నేను రాసిన ఈ లెక్కలన్నీ ఎందుకూ పనికిరావు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. అప్పు తీసుకున్నట్టే అనుకుని, వాయిదాకు పోయే ఆ మూడో వంతు జీతాన్ని వచ్చే నెల నుంచి వేరే ఖాతాలో వేయండి. రెండేళ్లు వేస్తే, వడ్డీకి పోయేది కూడా మీకే మిగులుతుంది కాబట్టి, మీ 50 కాస్తా 75 దాటుతుంది. అందులో 60 శాతం అంటే 45. దానికి ఎస్‌టీఐ, అంటే డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో ఎక్కువ శక్తి ఉన్న రకం, రాదు, నిజమే. కానీ 250 పీఎస్ మామూలు డబ్ల్యూఆర్‌ఎక్స్‌లు ఎస్‌టీఐ కంటే బాగా తక్కువకే దొరుకుతాయి. కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది ఒకటి వెతుక్కోవచ్చు. ఆ వయసులో ఆ 250 కూడా చాలా ఎక్కువ. మధ్యలో ఏ ఆరో నెలలోనో ఆ మూడో వంతు పక్కన పెట్టడం భరించలేకపోతే, అప్పు తీసుకుని ఉంటే ఏమయ్యేదో మీకే తెలుస్తుంది, ఆ డబ్బు మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

నాన్నగారితో వాదించొద్దు. ఆ ఖాతా పాసుబుక్కు ఏడాది తర్వాత చూపించండి. కారు చూడటానికి వెళ్లే రోజున ఆయన్నీ వెంట తీసుకెళ్లి, పొగ చూసే పని ఆయనకు అప్పగించండి. ఇప్పటి ఓనరుకు మాత్రం ఈ వారమే ఫోన్ చేసి, తీసుకోవడం లేదని చెప్పేయండి. ఆయన ధర తగ్గిస్తానంటారు. తగ్గించినా సరే, డైనో చార్టూ కంప్రెషన్ అంకెలూ లేని 350 మీకొద్దు.